అద్దం లేకుండా పళ్ళు తోముకోవడం

చూపు లేని పిల్లలున్న ఇళ్ళలో తరచుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. “మా వాడికి పళ్ళు తోముకోవడం ఎలా నేర్పాలండీ? అద్దంలో చూసుకోలేడు. ఎక్కడ తోమాడో, ఎక్కడ వదిలేశాడో వాడికెలా తెలుస్తుంది?” జవాబు దొరక్క చాలామంది అమ్మలు ఆ పని తామే చేసేస్తుంటారు. పిల్లవాడికి పదేళ్ళు వచ్చినా అమ్మే బ్రష్షు పట్టుకుంటుంది. వాణ్ణి హాస్టల్లో చేర్చిన మర్నాడు పొద్దున్న కొళాయి దగ్గర ఆ చెయ్యి ఉండదు.

పళ్ళు తోముకోవడం కళ్ళతో చేసే పని అనుకోవడం వల్ల పుట్టిన దిగులిది. రేపు పొద్దున్న మీరు తోముకునేటప్పుడు కాస్త గమనించండి. అద్దంలో కనిపించేవి ముందున్న నాలుగైదు పళ్ళు. కింది దవడ పళ్ళ లోపలివైపు, అంటే నాలుకను ఆనుకుని ఉండే వైపు, మీరెప్పుడైనా చూశారా? పై వరసలో చిట్టచివరి పన్ను వెనకభాగం చూశారా? చూసి ఉండరు. అయినా రోజూ తోముతూనే ఉన్నారు. బ్రష్షు కుచ్చు పంటి మీద ఉందో, చిగురు మీద ఉందో, బుగ్గకు తగులుతోందో మీకు చెబుతున్నది స్పర్శ. వేపపుల్ల నములుతూ పొలం గట్టున నడిచిన మన తాతల దగ్గర అద్దాలేమీ లేవు.

మరి చూపు లేని పిల్లలకి అడ్డుపడుతున్నదేమిటి? చూపున్న పసివాడు ఏడాదిన్నర వయసుకే నాన్న చేతిలోంచి బ్రష్షు లాక్కుని నోట్లో పెట్టుకుంటాడు. వాడికి ఎవరూ పాఠం చెప్పలేదు. రోజూ చూశాడు, అంతే. మోచెయ్యి ఆడటం, మూతి చుట్టూ నురగ, వంగి ఉమ్మేయటం, నీళ్ళు పుక్కిలించడం అన్నీ చూపులోంచే వాడికి అబ్బాయి. చూపు లేని పాపకి ఆ పొద్దుటి తతంగమంతా కొళాయి చప్పుడు, పరపరమనే శబ్దం, ఎవరో ఉమ్మిన చప్పుడు మాత్రమే. వాటి వెనక ఏం జరుగుతోందో ఎవరైనా ఆమె చేతికి అందిస్తేనే తెలుస్తుంది.

బళ్ళలో దంత ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు మనం వాడేవి కూడా కంటికి సంబంధించినవే. గోడ మీద బొమ్మ, వీడియో, పాచి ఉన్నచోట ఎర్రగా అంటుకునే రంగు బిళ్ళ, చేతిలో అద్దం. ఇవన్నీ పక్కన పెట్టి మొదటినుంచీ ఆలోచిస్తే, తోముకోవడం నేర్పడానికి కావలసినవన్నీ పిల్లల నోట్లోనూ వేళ్ళలోనూ ఉన్నాయని తెలుస్తుంది.

నీళ్ళ తొట్టి, పంటి పాచి

పెరట్లో నీళ్ళ తొట్టి తలుచుకోండి. నాలుగు రోజులు కడక్కపోతే లోపలి గోడకి పాచి పడుతుంది. నీళ్ళు పారబోసి కొత్త నీళ్ళు పోస్తే పోదు. చెంబుడు నీళ్ళు విసిరికొట్టినా పోదు. కొబ్బరి పీచు పెట్టి రుద్దాలి. చీకట్లో తొట్టి కడిగేవాళ్ళు కూడా పాచి వదిలిందో లేదో చేత్తో గోడ తడిమి చెప్పేస్తారు. పంటి మీద పట్టే పాచి సంగతీ ఇంతే. దంతవైద్యులు ప్లేక్ అనేది దీన్నే.

ఇది అన్నం మెతుకుల మిగులు కాదు. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి పట్టుకుని, జిగురులాంటి పదార్థం తయారుచేసుకుని, దాంట్లో కాపురం పెడతాయి. ఆ జిగురు వల్లే పుక్కిలిస్తే పోదు. మనం తిన్న తీపినీ, పిండిపదార్థాలనీ ఇవి తిని ఆమ్లం వదులుతాయి. బెల్లం ముక్కో బిస్కట్టో నోట్లో పడిన కొద్ది నిమిషాల్లోనే పాచి కింద పులుపు పెరుగుతుంది. పంటి పైపొరలోని, అంటే ఎనామెల్‌లోని, ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ పులుపుని విరిచి పరిస్థితిని చక్కబెట్టడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది. ఈలోగా ఇంకో చాక్లెట్టు తింటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఎంత తీపి తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ఎక్కువ ముఖ్యం.

చూపు లేకపోవడం వల్ల దానంతట అది పన్ను పుచ్చదు. లాలాజలం అందరికీ ఉన్నట్టే ఉంటుంది, పాచీ అందరికీ పట్టినట్టే పడుతుంది. కాని ఒక విషయం తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చూపు పోవడానికి కారణమైనదే కొందరు పిల్లల్లో పళ్ళనీ దెబ్బతీస్తుంది. నెలలు బాగా తక్కువగా పుట్టిన పిల్లల్లో కంటి వెనకపొర పాడయ్యే ప్రమాదం ఉంది. అలాంటి పిల్లల్లోనే పాలపళ్ళ పైపొర పల్చగా, గుంటలు గుంటలుగా ఏర్పడటమూ ఎక్కువ. తల్లికి గర్భంలో రుబెల్లా సోకినప్పుడు పుట్టిన బిడ్డల్లో కూడా కళ్ళతో పాటు పళ్ళ పైపొరలో లోపాలు కనిపించవచ్చు. ఇలాంటి పిల్లలకి మొదటి పన్ను మొలిచినప్పటినుంచే జాగ్రత్త అవసరం.

తొట్టికీ పంటికీ ఒక్క తేడా ఉంది. తొట్టిలో పాచి చేతికి జారుతుంది. పంటి మీద పాచి నాలుకకి గరుకుగా, నూగునూగుగా తగులుతుంది. శుభ్రమైన పన్నే నున్నగా జారుతుంది. పొద్దున్న లేవగానే నాలుక కొసని కింది ముందుపళ్ళ లోపలివైపు రాసి చూడండి. తోముకున్నాక మళ్ళీ రాసి చూడండి. ఈ రెండు అనుభవాలకీ మధ్య ఉన్న తేడాయే చూపు లేని పిల్లలకి మనం నేర్పవలసిన మొదటి పాఠం. రంగు బిళ్ళ చేసే పనిని వాళ్ళ నాలుక చేస్తుంది.

నోటికి ఉన్న తెలివిడి

1937లో కెనడాలోని మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే మెదడు శస్త్రవైద్యుడూ, ఆయన సహచరుడు బోల్డ్రీ కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. ఆపరేషను సమయంలో మెలకువగా ఉన్న రోగుల మెదడు మీద అక్కడక్కడ అతి సన్నటి విద్యుత్తు తాకించి, ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోందో అడిగి రాసుకున్నారు. అలా తేలిన పటంలో వీపుకి దక్కింది ఇరుకైన జాగా. వేళ్ళకీ, పెదవులకీ, నాలుకకీ మాత్రం వాటి సైజుకి మించిన విశాలమైన స్థలం దక్కింది. రెండు సూదిమొనలు దగ్గరదగ్గరగా ఆనిస్తే, అవి రెండని వీపు గుర్తుపట్టడానికి వాటి మధ్య కొన్ని సెంటీమీటర్ల ఎడం ఉండాలి. వేలికొసకి రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలు. నాలుక కొసకి మిల్లీమీటరుకి అటూఇటూ ఎడమున్నా తెలిసిపోతుంది. పళ్ళ మధ్య జామగింజ ఇరుక్కుంటే నాలుక రోజంతా దాని చుట్టూనే తిరగడానికి కారణం ఈ సూక్ష్మతే.

పంటికి కూడా ఓ తెలివిడి ఉంది. పన్ను ఎముకలో మేకులా బిగిసి ఉండదు. వేరు చుట్టూ సన్నటి నారలాంటి కణజాలం దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ నారలో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలున్నాయి. అన్నంలో వెంట్రుక వస్తే నమిలేటప్పుడే తెలిసిపోయేది వాటి వల్ల. బ్రష్షు ఏ పంటి మీద ఒత్తుతోందో చెప్పేదీ అవే.

చూపు లేనివాళ్ళకి స్పర్శ పుట్టుకతోనే ఎక్కువని చాలామంది అనుకుంటారు. 2011లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్ని పరీక్షించారు. చూపు లేనివాళ్ళ వేలికొసలు చూపున్నవాళ్ళ వేలికొసల కంటే సన్నటి గీతల్ని గుర్తుపట్టాయి. పెదవులతో చేసిన పరీక్షలో మాత్రం ఇద్దరూ సమానంగానే ఉన్నారు. అంటే వేళ్ళకి వచ్చిన పదును సాధనతో వచ్చింది. అర మిల్లీమీటరు ఎత్తుండే బ్రెయిల్ చుక్కల్ని రోజూ చదివి చదివి వచ్చింది. అంతకుముందే, 1996లో, చిన్నప్పుడే చూపు పోయినవాళ్ళు బ్రెయిల్ చదివేటప్పుడు మెదడులో చూపుకి కేటాయించిన భాగం కూడా పనిచేస్తోందని సడాటో అనే పరిశోధకుడి బృందం చూపించింది. ఖాళీగా ఉన్న ఇంటిని మెదడు అలా వదిలెయ్యదు, ఇంకో పనికి వాడుకుంటుంది.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. చూపు లేని బిడ్డ నోరు మీ నోరు లాంటిదే. తక్కువా కాదు, మహిమలున్నదీ కాదు. వాళ్ళ వేళ్ళకి బ్రెయిల్ నేర్పినంత ఓపికతో నోటికీ నేర్పితే అదీ నేర్చుకుంటుంది. “వాళ్ళకి అన్నీ తడిమితే తెలిసిపోతాయిలే” అని వదిలేస్తే నేర్చుకోదు.

చెప్పు, తాకించు, చేయించు

పిల్లల దంతవైద్యంలో పాత సూత్రం ఒకటుంది. 1959లో అడెల్‌స్టన్ అనే వైద్యుడు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ముందు పిల్లలకి అర్థమయ్యే మాటల్లో చెప్పు, తరవాత చూపించు, ఆ తరవాత చెయ్యి అని. చూపు లేని పిల్లల దగ్గర నడుమ ఉన్న మెట్టు మారుతుంది. చూపించడం స్థానంలో తాకించడం వస్తుంది. మార్పు చిన్నదే కాని దాన్ని సరిగ్గా అమలుచెయ్యాలంటే చాలా ఆలోచించాలి.

మన పొరుగునే, కర్ణాటకలోని బెళగావిలో, హెబ్బాళ్, అంకోలా అనే దంతవైద్యులు ఈ దారిలో ఒక పద్ధతి తయారుచేసి 2012లో ప్రకటించారు. విని, తాకి, చేసి నేర్చుకునే పద్ధతి అది. ముందు మాటలతో చెబుతారు. పెద్ద సైజు పళ్ళ నమూనా చేతికిచ్చి తడమనిస్తారు, దాని మీదే బ్రష్షు తిప్పిస్తారు. తరవాత పిల్లల చేత తమ పళ్ళు తోమించి, నాలుకతో తేడా తెలుసుకోమంటారు. చూపు లేని పిల్లలకి అలా నేర్పాక వాళ్ళ పళ్ళ మీద పాచి తగ్గినట్టు ఆ వైద్యులు నమోదు చేశారు. నా దృష్టిలో ఈ పద్ధతి గొప్పతనం ఖరీదైన పరికరమేదీ అడక్కపోవడం. ఒక నమూనా దవడ, ఒక బ్రష్షు, ఓపికున్న మనిషి చాలు.

దీన్ని దగ్గర నుంచి చూద్దాం. ఎనిమిదేళ్ళ పాప ఒళ్ళో రెండు చేతులూ పట్టేంత దవడ నమూనా ఉంది. ఆమె చూపుడువేలు ముందుపళ్ళ మీద పెట్టించారు. ఉలి అంచులా పల్చగా ఉన్నాయి. వేలు పక్కకి జరిగితే మొనదేలిన కోరపన్ను గుచ్చుకుంది. ఇంకా వెనక్కి వెళితే పన్ను వెడల్పయింది, పైన ఎత్తుపల్లాలు తగిలాయి. ఆ పల్లాల్లోనే తిండి ఇరుక్కుంటుందని అక్కడ వేలుండగానే చెప్పాలి, తరవాత కాదు. ఇప్పుడు చేతులు కడుక్కుని అదే వేలు తన నోట్లో పెట్టుకుంటుంది. ముందు పల్చనివి, తరవాత మొనదేలినది, ఆ వెనక వెడల్పైనవి. అదే వరస. నమూనాలో తెలుసుకున్నది తన నోట్లో దొరికిన ఆ క్షణం పాప ముఖంలో తెలిసిపోతుంది. అక్కడ తొందరపెట్టకండి. మళ్ళీ మళ్ళీ తడుముకోనివ్వండి.

తరవాత బ్రష్షు. మనం సాధారణంగా పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుని ఆడిస్తాం. చూపు లేని పిల్లలకి ఇది భయం పుట్టిస్తుంది. ఏం జరగబోతోందో తెలియకుండా తన చేతిని ఎవరో లాగేస్తున్నట్టు ఉంటుంది. దానికి బదులు మీ చెయ్యి కింద, పాప చెయ్యి పైన ఉండనివ్వండి. బ్రష్షు మీరు పట్టుకోండి, మీ చేతి వెనక ఆమె అరచెయ్యి ఆన్చండి. మీ చెయ్యి ఎంత చిన్నగా గుండ్రంగా తిరుగుతోందో, ఎంత నెమ్మదిగా ఒత్తుతోందో ఆమెకి తెలుస్తుంది. వద్దనుకుంటే చెయ్యి తీసుకోగలదు. కొన్నాళ్ళకి చేతులు మారతాయి, బ్రష్షు ఆమెది, మీ వేళ్ళు ఆమె మణికట్టు మీద. ఇంకొన్నాళ్ళకి మీ వేళ్ళు కూడా అక్కర్లేదు. ఎదురుగా నిలబడకండి, వెనక నిలబడండి. పాప తల మీ పొట్టకో గుండెకో ఆనుతుంది. మీ కుడిచెయ్యి, ఆమె కుడిచెయ్యి ఒకే దిక్కున ఉంటాయి.

నోట్లో ప్రయాణానికి ఒక దారి స్థిరం చెయ్యాలి. పైన కుడివైపు చివరి పన్ను బయటివైపు మొదలుపెట్టి ఎడమ చివరికి, అక్కణ్ణుంచి లోపలివైపుగా మళ్ళీ కుడి చివరికి, ఆ తరవాత నమిలే పైభాగం. కిందా అంతే. ఏ దారైనా ఫరవాలేదు, రోజూ అదే దారి కావాలి. ఒక్కోచోట పది లెక్కపెట్టేదాకా ఆగడం అలవాటు చేస్తే మొత్తం రెండు నిమిషాలు దాటుతుంది. బ్రష్షు కంటే ముందు నాలుక వెళ్ళి ఆ పంటిని తాకి రావడం ఇంకో మంచి ఉపాయం. పిల్లలు దీన్ని ఆటగా తీసుకుంటారు.

ఇక్కడ “అక్కడ తోము, ఇక్కడ తోము” అనే మాటలు పనికిరావు. అక్కడంటే ఎక్కడ? “కింద ఎడమవైపు చివరి పన్ను, బుగ్గవైపు” అనాలి. “బాగా తోమావు” అనడం కంటే “నాలుక పెట్టి చూడు, నున్నగా ఉందా?” అనడం మేలు. తీర్పు మన దగ్గర్నుంచి వాళ్ళ దగ్గరకి మారాలి.

పేస్టు, బ్రష్షు, మిగతా సంగతులు

పేస్టు వేసుకోవడం చాలామందికి తోమడం కంటే కష్టమైన పని. సన్నటి కుచ్చు మీద పడాలంటే చూపు కావాలి. చూపు లేని పెద్దలు ఎన్నాళ్ళుగానో వాడుతున్న సులువు ఏమిటంటే, పేస్టుని వేలికొస మీద పిండుకుని అక్కణ్ణుంచి పళ్ళకి రాసుకోవడం. మోతాదు వేలికి తెలుస్తుంది. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపుగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ మధ్య బఠాణీగింజంత చాలు. పేస్టులో ఫ్లోరైడు పది లక్షల పాళ్ళకి కనీసం 1000 పాళ్ళుండాలి, ఆ సంఖ్య ట్యూబు మీద వేసి ఉంటుంది. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోలా తాగేనీళ్ళలోనే ఫ్లోరైడు ఎక్కువున్న ఊళ్ళవాళ్ళు చిన్నపిల్లలకి ఏ పేస్టు, ఎంత అన్నది దంతవైద్యుణ్ణి అడిగి వాడాలి. మింగకుండా ఉమ్మడం ఎలాగో కూడా నేర్పాలి. అది చూసి నేర్చుకునే విద్య కాబట్టి, ముందు మంచినీళ్ళతో, పాప వేళ్ళు మీ పెదవుల మీద ఉంచి, ఊదినట్టు బయటికి తోయడం అలవాటు చెయ్యండి.

హాస్టళ్ళలో ఒకే గ్లాసులో పది బ్రష్షులు ఉంటాయి. ఎవరిది ఏదో తెలియాలంటే పిడికి రబ్బరు బ్యాండు చుట్టవచ్చు, లేదా చాకుతో గాట్లు పెట్టవచ్చు. తడికి ఊడిపోయే కాగితపు చీటీలు పనికిరావు. పేస్టు ట్యూబుకీ, పక్కనే ఉండే పైపూత మందు ట్యూబుకీ కూడా ఇలాంటి తేడా తప్పనిసరి.

చూపు లేదని మనమనే పిల్లల్లో చాలామందికి ఎంతో కొంత వెలుగు, రంగు తెలుస్తుంది. ఆ మిగిలిన చూపుని వాడుకోవాలి. తెల్ల కుచ్చు మీద తెల్ల పేస్టు వాళ్ళకి కనిపించదు. ముదురు రంగు కుచ్చున్న బ్రష్షు కొంటే కనిపించవచ్చు.

తిండి గురించి ఒక మాట అనక తప్పదు. కళ్ళు లేవన్న జాలితో ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఈ పిల్లల చేతిలో చాక్లెట్టు పెడతారు. గుచ్చుకుంటుందేమోనని, గొంతుకి అడ్డం పడుతుందేమోనని ఏళ్ళ తరబడి మెత్తగా పిసికిన అన్నమే పెడతారు. నమలడం ఆలస్యంగా వస్తుంది, మెత్తటి తిండి పళ్ళని అంటుకునే ఉంటుంది. ప్రేమ చూపించడానికి జామకాయ ముక్క ఇవ్వండి. దాన్ని కొరకడం కూడా నోటికి మంచి పాఠమే.

నాలుక చెప్పలేనివీ కొన్ని ఉన్నాయి. పళ్ళ సందుల్లోకి నాలుక వెళ్ళదు. పన్ను పుచ్చే ముందు చిగురు పక్కన వచ్చే సుద్దలాంటి తెల్లమచ్చ తడిమితే తెలియదు, నొప్పీ ఉండదు. ఆ దశలో పట్టుకుంటే గుంట పడకుండా ఆపవచ్చు. అందుకని పెద్దవాళ్ళు అప్పుడప్పుడు పై పెదవి ఎత్తి వెలుతుర్లో చూడాలి. చిగుళ్ళ నుంచి వచ్చే రక్తం కూడా పిల్లలకి కనిపించదు. ఇనుము రుచిలా, ఉప్పగా తగిలితే చెప్పమని నేర్పాలి. రక్తం వచ్చిందని తోమడం మానెయ్యకూడదు. చాలావరకు అది పాచి పేరుకుందన్నదానికి గుర్తు. ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే, కొత్త దవడపన్ను చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. జీవితాంతం ఉండాల్సిన పన్ను అది. చాలా ఇళ్ళలో పాలపన్నే అనుకుని వదిలేస్తారు. నాలుకతో రోజూ చివరిదాకా వెళ్ళే అలవాటున్న పిల్లలు దాన్ని అందరికంటే ముందే కనుక్కుంటారు.

ఏడెనిమిదేళ్ళ దాకా పిల్లలెవరికైనా, చూపున్నా లేకున్నా, రాత్రి పడుకునేముందు పెద్దల సాయం అవసరం. వాళ్ళు తోముకున్నాక మనం ఒకసారి తోమాలి. నేర్పడానికీ, ఇలా సాయం చెయ్యడానికీ మధ్య వైరుధ్యం ఏమీ లేదు.

డాక్టరు కుర్చీ దగ్గర

దంతవైద్యులకి ఒక విన్నపం. మీ గదిలో కుర్చీ వెనక్కి వాలినప్పుడు చూపు లేని పిల్లలకి కింద నేల తొలిగిపోయినట్టుంటుంది. వాల్చే ముందు చెప్పండి. చల్లటి అద్దప్పుల్లని నోట్లో పెట్టకముందు చేతికివ్వండి. గాలి ఊదే గొట్టంతో ముందు అరచేతి మీద ఊదండి. ఉమ్మి పీల్చే గొట్టం చప్పుడు వినిపించి, అది ఎందుకో చెప్పండి. చెప్పకుండా ముట్టుకోకండి, చెప్పకుండా గదిలోంచి వెళ్ళకండి. కొందరు పిల్లలకి వెలుతురు భరించలేని బాధగా ఉంటుంది, తలమీది దీపం వెయ్యబోయే ముందు అడగండి. అమ్మతో కాకుండా పాపతోనే మాట్లాడండి, నోరు పాపది.

ఏటా దంతవైద్య కళాశాలల విద్యార్థులు అంధ విద్యార్థుల పాఠశాలలకి శిబిరాల కోసం వెళుతుంటారు. పళ్ళు పరీక్షిస్తారు, పేస్టులు పంచుతారు, ఫొటో దిగి వస్తారు. ఈసారి వెళ్ళేటప్పుడు ఒక పెద్ద దవడ నమూనా తీసుకెళ్ళండి. ఒక్కో బిడ్డ దగ్గరా పావుగంట కూర్చోండి. వార్డెనుకీ, ఆయాకీ చేతి కింద చెయ్యి పెట్టి నేర్పడం ఎలాగో చూపించండి. వచ్చేటప్పుడు ఆ నమూనాని అక్కడే వదిలి రండి. మూడు నెలల తరవాత మళ్ళీ వెళ్ళి, పిల్లల్ని వాళ్ళ నాలుక ఏం చెబుతోందో అడగండి.